తలుపు తీసుకుని వచ్చేసరికే మార్కులు వేసే మేనేజర్లకు ఏం నేర్పాలి?

ప్రశ్న: మాది విజయవాడ కేంద్రంగా నడిచే గృహోపకరణాల సంస్థ. తొమ్మిది షోరూములు ఉన్నాయి. హెచ్‌ఆర్ పని నేను చూస్తాను. సేల్స్, స్టోర్, క్యాష్ కౌంటర్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసేది మా బ్రాంచి మేనేజర్లే. ఇంటర్వ్యూలో బ్రహ్మాండంగా ఉన్నాడన్న మనిషి మూడు నెలలు తిరక్కుండానే క్యాష్ లెక్కలు సరిగా రాయడు, కస్టమర్ కోప్పడితే తనూ గొంతు పెంచుతాడు. మొన్న ఒకే అభ్యర్థికి ఒక మేనేజర్ పదికి తొమ్మిది, ఇంకొకరు నాలుగు వేశారు. ఒక సీనియర్ మేనేజర్ అయితే, "ఇరవై ఏళ్ళ అనుభవం నాది, మనిషి తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికే చెప్పేస్తా" అంటారు. మా ఓనర్ గారు, "మనుషుల్ని చదవడం నేర్పే ట్రైనింగ్ ఏదైనా ఒకరోజు పెట్టించండి" అన్నారు. వ్యక్తిత్వాన్ని అంచనా వేయడం నేర్పితే వచ్చేదేనా? వస్తే ఎలా నేర్పాలి?
(ఒక హెచ్‌ఆర్ మేనేజర్, విజయవాడ)

సమాధానం:

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ తొమ్మిది, ఆ నాలుగు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే ఉద్యోగం. మార్కులు వేసిన ఇద్దరూ పని తెలిసినవాళ్ళే. బహుశా ఒకరి లెక్కలో బాధ్యత అంటే టైముకు రావడం, ఇంకొకరి లెక్కలో చెప్పకముందే పని అందుకోవడం. ఒకరు మూరతో కొలిచారు, ఒకరు గజంతో కొలిచారు. అంకెలు కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నేర్పితే తప్పకుండా వస్తుంది. కానీ ఓనర్ గారు అనుకుంటున్నట్టు మనిషిని చదివే చూపు అంటూ ఒకటుందని, దాన్ని ఒక రోజులో నేర్పించవచ్చని నేను నమ్మను. నేర్పగలిగింది రెండే. అందరి చేతికీ ఒకే కొలబద్ద ఇవ్వడం, ఆ కొలబద్ద పెట్టి చూసేదాకా తీర్పు ఆపుకోవడం. రెండోది మొదటిదానికన్నా కష్టం.

మా అనుభవం ఒకటి చెబుతాను. నేను ఒక మందుల తయారీ సంస్థలో చాలా ఏళ్ళు నియామకాలు చూశాను. ఒకసారి స్టోర్స్ ఇన్‌ఛార్జి పోస్టుకు చివరికి ఇద్దరు మిగిలారు. ఒకతను నేను చదివిన కాలేజీ హాస్టల్లోనే ఉన్నవాడు. మెస్ కబుర్లతోనే సగం టైము గడిచిపోయింది. రెండో అభ్యర్థి రాజాం దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. ఏది అడిగినా రెండు వాక్యాల్లో జవాబు, చూపు బల్ల మీదే. అతనికి తొమ్మిది వేశాను, ఆమెకు ఐదు. నాలుగు నెలల తర్వాత ఆడిట్ వచ్చిన రోజున స్టాక్ రిజిస్టర్లో మూడు వారాల ఎంట్రీలు లేవు. అప్పుడు పాత ఇంటర్వ్యూ కాగితాలు తీసి చూశాను. ఆ అమ్మాయి చెప్పిన మాట ఒకటి నా చేతిరాతతోనే అక్కడుంది: "షిఫ్ట్ అయ్యాక ఖాళీ డబ్బాలు కూడా లెక్కపెట్టి రాసేదాన్నండి." ఆ ఉద్యోగానికి అంతకు మించిన అర్హత లేదు. నేను విన్నాను, రాశాను, మార్కు వేసేటప్పుడు మాత్రం వాడుకోలేదు. ఆమెకు దక్కవలసిన ఉద్యోగం నా వల్ల దక్కలేదు. ఇన్నేళ్ళయినా ఆ కాగితం నన్ను బాధపెడుతూనే ఉంది.

డేవిడ్ ఫండర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో ఈ విషయాన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. ఎదుటి మనిషి స్వభావాన్ని సరిగ్గా అంచనా వేయాలంటే ముందు ఆ స్వభావానికి సంబంధించిన నడవడిక ఏదో ఒకటి బయటకు రావాలి. అది మన కళ్ళకో చెవులకో అందాలి. అందినదాన్ని మనం గమనించాలి. గమనించినదాన్ని సరిగ్గా వాడుకోవాలి. ఏ మెట్టు దగ్గర జారినా అంచనా తప్పుతుంది. నేను జారింది నాలుగో మెట్టు మీద. మీ మేనేజర్లలో ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారని నా అనుమానం. "మీ బలాలేంటి, బలహీనతలేంటి", "అయిదేళ్ళ తర్వాత ఎక్కడ ఉంటారు" లాంటి ప్రశ్నలకు కోచింగ్‌లో నేర్చుకున్న జవాబులే వస్తాయి, మనిషి బయటకు రాడు. మాటలు కోటలు దాటేవాళ్ళకు అలాంటి ఇంటర్వ్యూ పండగ.

"చూడగానే చెప్పేస్తా" అనే పెద్దమనిషి సంగతికి వద్దాం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది అంటాం. అన్నం విషయంలో నిజమే, ఎందుకంటే ఒకే నీళ్ళలో, ఒకే మంట మీద అన్ని మెతుకులూ ఉడికాయి. మనిషి గుణాలు అలా ఒకే ఎసట్లో ఉడికేవి కావు. గలగలా మాట్లాడే మనిషి లెక్కల్లో పక్కాగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. 1920లోనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ గమనించారు: సైన్యంలో పై అధికారులు ఒక మనిషి తెలివికీ, శరీర దారుఢ్యానికీ, నాయకత్వానికీ, నడతకూ విడివిడిగా మార్కులు వేయమంటే అన్నిటికీ దాదాపు ఒకే స్థాయిలో వేసుకుంటూ పోయారు. ఒక మంచి లక్షణం కనిపించగానే మిగతావన్నీ దాని వెలుగులో మంచిగానే కనిపించాయి. హాలో ఎఫెక్ట్ అని మీరు ట్రైనింగుల్లో వినే ఉంటారు, ఆ మాట అక్కడ పుట్టిందే.

అనుభవం ఉంటే ఈ పొరపాటు పోతుందనుకోవద్దు. 2013లో జేసన్ డానా, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల చేత తోటి విద్యార్థుల్ని ఇంటర్వ్యూ చేయించి, వాళ్ళకు ముందు ముందు ఎలాంటి మార్కులు వస్తాయో ఊహించమన్నారు. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబులు చెప్పేవాళ్ళు, అడిగేవాళ్ళకు తెలియకుండా, ఒక రహస్య నియమం పెట్టుకుని, నిజంతో సంబంధం లేకుండా అవును, కాదు అని చెప్పారు. అయినా అడిగినవాళ్ళకు ఎదుటి మనిషి తమకు అర్థమయ్యాడనే అనిపించింది. పాత మార్కులు మాత్రమే చూసి చెబితే వచ్చే అంచనా, ఇంటర్వ్యూ కూడా చేసి చెప్పిన అంచనా కన్నా మెరుగ్గా ఉంది. మనకు కలిగే నమ్మకం మన కచ్చితత్వానికి కొలత కాదు. మీ సీనియర్ గారి నమ్మకం నిజాయితీగల నమ్మకమే, అందులో సందేహం లేదు. కాకపోతే ఆయన వద్దని పంపేసినవాళ్ళు ఇంకో షాపులో ఎంత బాగా పనిచేస్తున్నారో ఆయనకు ఎవరూ వచ్చి చెప్పరు. తప్పు తెలియని చోట ఇరవై ఏళ్ళు గడిచినా నేర్చుకునేది తక్కువ.

పద్ధతి ప్రకారం జరిగే ఇంటర్వ్యూకూ ఊరికే మాట్లాడుకునే ఇంటర్వ్యూకూ ఎంత తేడా ఉందో అంకెల్లో కావాలంటే, పాల్ సాకెట్ బృందం 2022లో పాత పరిశోధనలన్నిటినీ మళ్ళీ లెక్కగట్టింది. తర్వాత ఉద్యోగంలో కనబరచిన పనితీరుతో పోల్చితే మొదటి రకానికి 0.42, రెండో రకానికి 0.19 వచ్చాయి. 0 అంటే సంబంధమే లేదని, 1 అంటే అచ్చుగుద్దినట్టు సరిపోయిందని. 0.42 కూడా గొప్ప అంకె కాదు. మన పరిమితి ఎంతో ఓనర్ గారికి ముందే చెప్పి పెట్టండి, అద్భుతాలు ఆశించకుండా ఉంటారు.

ఇక ట్రైనింగ్ ఎలా చేయాలో చెబుతాను.

చాలా చోట్ల ఒక ట్రైనర్ వచ్చి, హాలో ఎఫెక్ట్ ఇది, మొదటి చూపు పొరపాటు ఇది, మరీ ఉదారంగా మార్కులు వేయకండి అని స్లైడ్లు చూపించి వెళ్ళిపోతాడు. డబ్బు దండగ. జాన్ బెర్నార్డిన్, పెన్స్ 1980లోనే ఇది పరీక్షించి చూశారు. అలాంటి పాఠం విన్నవాళ్ళు ఎక్కువ మార్కులు వేయడం మానేశారు, అన్నిటికీ ఒకే మార్కు వేయడమూ తగ్గించారు, కానీ వాళ్ళ అంచనాల కచ్చితత్వం పెరగకపోగా తగ్గింది. తప్పులు చేయొద్దని చెబితే జనం మార్కుల తీరు మార్చుకుంటారు, చూపు మారదు. మరుసటి ఏడాదే బెర్నార్డిన్, బక్లీ ఇద్దరూ కలిసి వేరే దారి సూచించారు. దాన్ని ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్స్ ట్రైనింగ్ అంటారు. నా మాటలో చెప్పాలంటే అందరికీ ఒకే కొలబద్ద. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో కచ్చితత్వం పెంచడానికి బాగా పనిచేసిందని తేలింది ఇదే. ఇంటర్వ్యూలో వ్యక్తిత్వాన్ని అంచనా వేయడానికి కూడా ఇది పనికొస్తుందా అని కెనడాలో డెబొరా పవెల్, రిచర్డ్ గాఫిన్ చూశారు. పనికొస్తుందనే 2009లో వాళ్ళు ప్రచురించిన ఫలితం.

మీ షోరూములకు దీన్ని ఇలా తెచ్చుకోండి. ముందు గుణాలు తగ్గించండి. పది, పన్నెండు గుణాలున్న ఫారం ఎవరూ మనసు పెట్టి నింపరు. క్యాష్ కౌంటర్‌కు రెండు చాలు: పని పట్ల బాధ్యత, ఒత్తిడిలో నిలకడ. సేల్స్‌కు వీటితో పాటు కలుపుగోలుతనం. తర్వాత మేనేజర్లందరినీ కూర్చోబెట్టి ఒక్కో గుణానికి మీ షాపులో నిజంగా జరిగిన సంగతుల్ని చెప్పించండి. బాధ్యతలో అయిదుకు ఒకటి అంటే ఏమిటి? "లెక్క తేడా వస్తే తర్వాతి షిఫ్ట్ వాళ్ళ మీదకు నెట్టేయడం." మూడు అంటే? "తేడా కనిపిస్తే చెబుతాడు, ఎవరైనా అడిగితే." అయిదు అంటే? "షాపు మూయకముందే తనే మళ్ళీ లెక్కపెట్టి, ఎంత తేడా వచ్చిందో రాసి, మేనేజర్‌కు ఫోన్ చేయడం." ఈ వాక్యాలు మీరు రాసి ఇస్తే పనికిరావు. వాళ్ళ నోటి నుంచి రావాలి, వాళ్ళే ఒకరితో ఒకరు వాదించుకోవాలి. ఆ వాదనలోనే సగం ట్రైనింగ్ అయిపోతుంది. తొమ్మిదీ నాలుగూ ఎందుకు వచ్చాయో అక్కడే తేలిపోతుంది.

తర్వాతది అసలైన సాధన. మీ స్టాఫ్‌లో ఇద్దరు ముగ్గురిని అడిగి, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఒకటి పెట్టి అందరికీ చూపించండి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా చీటీ మీద మార్కు రాయాలి. చీటీలన్నీ బోర్డు మీద పెట్టండి. ఎక్కువ వేసినవారిని, తక్కువ వేసినవారిని ఒకే ప్రశ్న అడగండి: "అతను ఏం చెప్పాడని, ఏం చేశాడని ఈ మార్కు?" "ఎందుకో అనిపించింది" అనే జవాబు చెల్లదు. అతని మాట ఒకటి చూపించాలి, దాన్ని మనం రాసుకున్న వాక్యాలతో పోల్చాలి. ఆ తర్వాత రెండో రికార్డింగ్, మూడోది. మూడో దానికి చీటీల మీద అంకెలు దగ్గరపడటం వాళ్ళ కళ్ళతో వాళ్ళే చూస్తారు. నా అనుభవంలో మనుషులు మారేది ఆ క్షణంలోనే, ఉపన్యాసానికి ఎవరూ మారరు.

ప్రశ్నలు కూడా అక్కడే తయారు చేసుకోవాలి. అభిప్రాయం అడగకండి, జరిగింది అడగండి. "నిజాయితీ గురించి మీరేమంటారు" అంటే అందరూ మహానుభావులే. "మీ చేతిలో డబ్బో సరుకో ఉండగా లెక్క తేడా వచ్చిన రోజు ఒకటి చెప్పండి" అంటే కథ మారుతుంది. అక్కడితో ఆగకూడదు. ముందు ఎవరికి తెలిసింది? మీరు మొదట ఏం చేశారు? ఎవరికి, ఎంతసేపట్లో చెప్పారు? ఆ తర్వాత మీ పనిలో ఏం మార్చుకున్నారు? అల్లిన కథ మూడో ప్రశ్న దగ్గర పలచబడిపోతుంది. జరిగిన కథకు మూడో ప్రశ్న దగ్గర ఇంకా వివరాలు వస్తాయి. కొత్తగా చదువు పూర్తి చేసినవాళ్ళకు ఉద్యోగంలో జరిగింది ఏముంటుంది అంటారేమో. ఇంట్లో కొట్టు ఉండొచ్చు, హాస్టల్ మెస్ లెక్కలు చూసి ఉండొచ్చు, ఊళ్ళో వినాయక చవితి చందాలు వసూలు చేసి ఉండొచ్చు. చందాల లెక్క ఎలా అప్పజెప్పారో అడిగి చూడండి, ఎంత చెబుతారో.

కాగితం మీద రెండు గళ్ళు గీయించండి. ఎడమ వైపు అభ్యర్థి అన్న మాటలు, కుడి వైపు మార్కు. ఎడమ వైపు ఖాళీగా ఉంటే కుడి వైపు అంకె వేయకూడదు. ఒక గుణం పూర్తిగా అడిగి, మార్కు వేసి, అప్పుడే రెండో గుణానికి వెళ్ళాలి. మొత్తం మీద ఎలా ఉన్నాడన్న మాట చివరి దాకా నోట్లోంచి రాకూడదు.

ఈ మాట వినగానే మీ సీనియర్ గారు నొచ్చుకుంటారు. ఆయన కన్నా ముందు నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. 1955లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్‌కు ఇరవై ఒక్క ఏళ్ళు. ఇజ్రాయెల్ సైన్యంలో చేరేవాళ్ళ ఇంటర్వ్యూలను బాగుచేసే పని ఆయనకు అప్పజెప్పారు. అప్పటిదాకా జరిగిన ఇంటర్వ్యూలకూ, ఆ కుర్రాళ్ళు సైన్యంలో ఎలా రాణించారన్నదానికీ పెద్దగా పొంతన లేదు. ఆయన ఆరు గుణాలు ఎంచుకున్నారు. బాధ్యత, నలుగురితో కలిసే తీరు లాంటివి. ఒక్కొక్కదానికి గత జీవితంలో జరిగిన వాస్తవాలను అడగమన్నారు, ఎన్ని ఉద్యోగాలు మారావు, పనికి ఎంత క్రమంగా వెళ్ళేవాడివి లాంటివి, విడిగా మార్కు వేయమన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు కోపం వచ్చింది. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నారన్నారు. ఆయన వాళ్ళ మాట కాదనలేదు. ఆరు మార్కులూ వేశాక కళ్ళు మూసుకుని, ఈ మనిషి సైనికుడుగా ఎలా ఉంటాడో ఊహించుకుని, మీ మనసుకు తోచిన మార్కు ఒకటి వేయండి అన్నారు. తర్వాత లెక్క చూస్తే ఆరు మార్కుల మొత్తం పాత పద్ధతి కన్నా చాలా మెరుగ్గా పనిచేసింది. ఆశ్చర్యం ఏమిటంటే, కళ్ళు మూసుకుని వేసిన మార్కు కూడా దాదాపు అంతే బాగా పనిచేసింది. మనసుకు తోచింది పనికిరాదని కాదు. ముందు వినవలసింది విని, రాయవలసింది రాశాక తోచినదానికి విలువ ఉంటుంది. మీ సీనియర్ గారికి కూడా ఆ చివరి గడి ఒకటి ఇవ్వండి. ఆయన మాట తీసేయడం లేదు, చివర్న అడుగుతున్నాం, అంతే.

మన దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మన పిల్లలు చాలామంది పెద్దవాళ్ళ ఎదుట "నేను చేశాను" అనరు, "చేశామండి" అంటారు. తను చేసిన పని కూడా సార్ చెప్పారు, మేం చేశాం అన్నట్టు చెబుతారు. అది చొరవ లేకపోవడం కాదు, పెంపకం. "అందులో మీ చేతి పని ఏది?" అని ఒక్క మాట అడిగితే తేలిపోతుంది. కళ్ళలోకి చూసి మాట్లాడకపోవడాన్ని ధైర్యం లేదని రాయకండి. పెద్దల ముందు చూపు దించడం మర్యాదని నేర్చుకున్న ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాళ్ళకు తెలివి, ధైర్యం, నాయకత్వం మూడూ ఉన్నాయనుకుంటాం. మీ కౌంటర్‌కు వచ్చే కస్టమర్లు తెలుగులో మాట్లాడేవాళ్ళే అయినప్పుడు ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే చేయండి. ఏ యాస అయినా సరే.

"ఏ ఊరు, ఎవరి అబ్బాయివి" అన్న ప్రశ్న గురించి కూడా గట్టిగా చెప్పాలి. ఎదుటి మనిషి టెన్షన్ తగ్గించాలనే చాలామంది అడుగుతారు, నిజమే. కానీ రెండో మాటకు జిల్లా, మూడో మాటకు ఇంటిపేరు, ఆ తర్వాత కులం తెలిసిపోతాయి. అవి తెలిశాక వేసిన మార్కులో అవి ఎంత ఉన్నాయో వేసినవాళ్ళకే తెలియదు. పెళ్ళయిందా, పిల్లలెప్పుడు అని ఆడపిల్లలను అడగడమూ అంతే. అన్ని బ్రాంచీల్లోనూ ఈ ప్రశ్నలు నిలిపివేయండి. టెన్షన్ తగ్గించడానికి ఒక గ్లాసు మంచినీళ్ళు, ఇంటర్వ్యూ ఎలా జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పడం సరిపోతాయి.

ఎంత శిక్షణ ఇచ్చినా ఇంటర్వ్యూ గదిలో కొన్ని గుణాలు సరిగా కనపడవు. 2000లో ముర్రే బారిక్ బృందం గమనించింది ఇదే. అభ్యర్థి ఎంత కలివిడి మనిషో, ఎంత సౌమ్యుడో ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కొంతవరకు పట్టుకోగలిగారు. బాధ్యత, మానసిక నిలకడ మాత్రం వాళ్ళకు అందలేదు. మీకు క్యాష్ కౌంటర్‌కు కావలసినవి సరిగ్గా ఆ రెండే! అందుకని ఆ రెండింటి భారం మొత్తం ఇంటర్వ్యూ మీద వేయకండి. ఒక రోజు కూలి ఇచ్చి షాపులో పని చేయించి చూడండి. పాత యజమానికి ఫోన్ చేసి, "మనిషి ఎలాంటివాడు" అని కాకుండా, "ఆయన ఉండగా లెక్క తేడా ఎప్పుడైనా వచ్చిందా, వస్తే ఏం చేశాడు" అని అడగండి. చేతిరాత చూసి స్వభావం చెబుతామనేవాళ్ళ జోలికి మాత్రం వెళ్ళొద్దు.

ఒక మనిషి చూపు చాలదన్న సంగతి మన సైన్యానికి బాగా తెలుసు. ఆఫీసర్ల ఎంపికకు సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు అయిదు రోజులు తీసుకుంటుంది. నావికాదళానికి విశాఖపట్నంలోనూ ఒక బోర్డు ఉంది. పదిహేను గుణాలు ముందే రాసి పెట్టుకుంటారు. సైకాలజిస్టు ఒకరు, ఇంటర్వ్యూ చేసే అధికారి ఒకరు, బయట మైదానంలో గుంపుగా పనులు చేయించి చూసే అధికారి ఒకరు, ముగ్గురూ విడివిడిగా అంచనా వేస్తారు. మనసా, వాచా, కర్మణా అని వాళ్ళు చెప్పుకునేది దీన్నే. చివరి రోజు కాన్ఫరెన్స్‌లో ముగ్గురి అంచనాలూ ఒక చోటికి వస్తాయి. మీకు అయిదు రోజులు కుదరవు, అక్కర్లేదు కూడా. ఇద్దరు మేనేజర్లు విడివిడిగా అడిగి, మాట్లాడుకోకముందే మార్కుల కాగితాలు మీకు ఇచ్చేస్తే చాలు. రెండు మార్కులకు మించి తేడా ఉన్నచోట మాత్రం కూర్చోబెట్టి మాట్లాడించండి.

ఓనర్ గారు ఒకరోజు అన్నారు కదా, ఒకటిన్నర రోజు అడగండి. కొలబద్ద తయారీకి సగం రోజు, రికార్డింగులకు ఒక రోజు. ఆ తర్వాత మూడు నెలలకోసారి గంట. ఆ గంటలో చేయవలసింది ఒకటే. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు దాటినవాళ్ళ పని ఎలా ఉందో బ్రాంచి నుంచి తెప్పించి, చేరేటప్పుడు ఏ మేనేజర్ ఎంత మార్కు వేశారో పక్కపక్కన పెట్టడం. ఎవరి కాగితం వాళ్ళకే చూపించండి, నలుగురిలో వద్దు. మీ సీనియర్ గారితో ఇప్పుడు వాదనకు దిగకండి. వచ్చే ఇంటర్వ్యూ నుంచి, అభ్యర్థి లోపలికి రాగానే ఆయనకు తోచిన మార్కు ఒక చీటీ మీద రాసి, కవర్లో పెట్టి మీకిమ్మనండి. ఇంటర్వ్యూ అయ్యాక కొలబద్ద ప్రకారం వేసిన మార్కు ఇంకో కవర్లో. ఆరు నెలల తర్వాత రెండు కవర్లూ ఆయన చేతే విప్పించండి.